తలుపంత పలక

ఆ రోజు ఉదయం తూనికలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. గొడుగు బాగు చేయించుకొస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరాలి. సముద్రం ఒడ్డున ఉన్న పడవల షాపుకు వెళ్లి, నిలబడి తెడ్డు వేసుకునే పలక ఒకటి కొనాలి. ఆదివారం దాకా దాన్ని అక్కడే ఉంచమని చెప్పి, భోజనం వేళకు ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి కూర్చోవాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. ఆయన కూడా అలాగే అనుకున్నాడు.

తూనికలు కొలతల శాఖలో ఒక జీవితకాలం పనిచేసి ఈ మధ్యే రిటైరయ్యాడు కాబట్టి ఊరందరికీ ఆయన తూనికలాయనే. ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే మార్కెట్లో కాటాలు వాటంతటవే సర్దుకునేవని చెప్పుకుంటారు. మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి బరువు చెప్పేయడం ఆయనకు సరదా. "మీరు డెబ్భై నాలుగు, మీ వెనకాయన అరవై ఒకటి" అంటే మళ్లీ తూచుకోవాల్సిన పని ఉండేది కాదు. ఇంట్లో మాత్రం ఆ విద్య సాగలేదు. పెళ్లైన కొత్తలో ఒకసారి ఆఫీసు కాటాని ఇంటికి తెస్తే భార్య గుమ్మంలోనే ఆపేసింది. "ఆ సామాను ఆఫీసులోనే ఉంచుకోండి. నేను ఉల్లిపాయల బస్తాను కాను" అంది. అప్పటినుంచి ఆ ఇంట్లో బరువు అనే మాటే లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అదీ ఆయన సంగతి.

పడవల షాపు నడిపే ఆవిడ ఒకప్పుడు ఈత నేర్పేది. ఆ అలవాటు పోక ఇప్పటికీ మెడలో ఈల వేసుకునే తిరుగుతుంది. తూనికలాయన లోపలికి అడుగుపెట్టగానే గోడకు ఆనించిన ఎర్రటి పలక ఒకటి చూసి ముచ్చటపడిపోయాడు. సన్నగా, పొడుగ్గా, ముక్కు సూదిగా, చూడ్డానికి దివ్యంగా ఉంది.

"ఇది ఇచ్చేయండి" అన్నాడు.

"దీన్ని ఎక్కడ నడుపుతారు?"

"పాత రేవు పక్కన. అక్కడ పెద్ద అలలేం ఉండవు. చిన్నచిన్నవే."

"గాలో?"

"గాలా! దానికి కొదవేముంది. ఆ ఒడ్డున నిలబడితే టోపీ నెత్తిన ఉండదు."

"అయితే ఇది మీకు పనికిరాదు. ఇది గాలి లేని నీళ్లలో పందేలకి" అంటూ ఆవిడ ఆయన చేతిలోంచి ఎర్ర పలకను లాక్కున్నంత పని చేసింది. "చిన్న అలలే కదా అని అందరూ తేలిగ్గా అనుకుంటారు. గాలి పక్కనుంచి కొడితే ఇలాంటి సన్న పలక ముక్కు తిరిగిపోతుంది. మీరొకవైపు, తెడ్డొకవైపు. పైగా చిన్న అలకి నెట్టే బలం ఉండదండీ. అందుకని పలకే వెడల్పుగా ఉండాలి. వెనక భాగం కూడా వెడల్పుగా ఉంటే ఆ కాస్త అలనైనా పట్టుకుంటుంది. ముక్కు మొండిగా ఉండాలి. మరీ పొడుగు ఉండకూడదు. అంచులు మరీ దళసరిగా ఉన్నా గాలి తోసేస్తుంది."

తూనికలాయన రెండు చేతులూ చాచి గాలిలో ఆ వెడల్పు కొలిచాడు. "అంటే తలుపులా ఉండాలన్న మాట."

ఆవిడ నవ్వింది. "తలుపు కన్నా కాస్త నయంగా."

"తలుపు చాలా బాగుండేదండీ" అన్నాడు ఆయన. ఆ అనడంలో ఏదో ఉంది. ఆవిడ నవ్వు ఆపి ఆయనకో కుర్చీ చూపించింది.

పెళ్లైన కొత్తలో వాళ్లు పాత రేవు దగ్గర ఒంటిగది అద్దె ఇంట్లో ఉండేవాళ్లు. ఆ ఇంట్లో పనికొచ్చే వస్తువు ఒక్కటే, బాత్‌రూం తలుపు. తేలిక చెక్క, మంచి వెడల్పు. బందుల్లో ఉన్న చీలలు రెండూ పైకి లాగితే తలుపు చేతికొచ్చేసేది. ఆఫీసు లేని రోజు మధ్యాహ్నం ఇంటి యజమాని నిద్రపోయే వేళ చూసి, ఇద్దరూ దాన్ని చెరోవైపు పట్టుకుని ఒడ్డుకు మోసుకెళ్లేవాళ్లు. ఆవిడ వెదురు గడ పట్టుకుని దాని మీద నిలబడేది. ఈయన వెనక నీళ్లలో కాళ్లు ఆడిస్తూ తలుపును పట్టుకుని తోసేవాడు. గాలికి ఆవిడ జడ ఎగిరేది, చిన్న అల వస్తే తలుపుతో పాటు వంగేది, పడేది కాదు. సాయంత్రానికి తలుపు మళ్లీ బందుల్లో ఉండేది. బాత్‌రూం తలుపు మీద బయటివైపు ఉప్పు ఎలా పేరుకుంటోందో ఆ యజమానికి చివరిదాకా అంతుపట్టలేదు.

ఒకరోజు గాలి ఒడ్డు మీదనుంచి సముద్రంలోకి తిరిగింది. ఆవిడ దూకేసి ఈదుకుంటూ వచ్చింది, తలుపు మాత్రం రాలేదు. అలా అలా గొళ్లెం ఊపుకుంటూ వెళ్లిపోయింది. తరవాత రెండు నెలలు ఆ బాత్‌రూంకి దుప్పటే దిక్కయింది. ఆ సాయంత్రం ఒడ్డున తడి బట్టలతో కూర్చుని ఆవిడ ఏడుపూ నవ్వూ కలిపి, "నా తలుపు పోయిందండీ" అంది. "వచ్చే నెల నీకు సొంత తలుపు కొనిపెడతాను" అన్నాడు ఈయన. వచ్చే నెల ఈయనకు బదిలీ అయింది. ఆ తరవాత సముద్రం లేని ఊళ్లు, పిల్లల చదువులు, పెళ్లిళ్లు. ఆవిడ ఏనాడూ గుర్తు చేయలేదు, ఈయన ఏనాడూ మరిచిపోలేదు. ఇన్నేళ్లకు మళ్లీ ఈ ఊరే చేరారు. తీరా చూస్తే ఆవిడ మోకాలు నొప్పంటోంది. సముద్రం వైపు వెళ్దామంటే, "ఇప్పుడింకేం ఎక్కుతాం, ఏం దిగుతాం" అంటోంది. ఆ మాట తూనికలాయనకు గుండెలో ముల్లులా దిగింది. ఆదివారం వాళ్ల పెళ్లిరోజు. ఒక్కసారి ఆవిడను మళ్లీ ఆ అలల మీద నిలబెట్టాలని ఆయన ఆశ.

"చాలా బాగుంది" అంది షాపావిడ. ఈల తాడుతో కళ్ల కొసలు తుడుచుకుని వెంటనే వ్యాపారంలోకి దిగింది. "ఇద్దరి బరువూ చెప్పండి. దాన్నిబట్టే పలక ఎన్ని లీటర్లదో, అంటే ఎంత బరువు తేల్చగలదో చూడాలి."

"నాది డెబ్భై. ఆవిడది నలభై ఎనిమిది."

"ఆవిడ ఫోటో ఉందా?"

ఆయన పర్సులోంచి తీసి చూపించాడు. తడి జడ, వెదురు గడ, నవ్వు.

"ఇది ఎప్పటి ఫోటో అండీ?"

"ఎప్పటిదో ఏంటి, మొన్నమొన్నటిదే."

"అంచులు పచ్చబడిపోయాయి!"

తూనికలాయన ఫోటో వెనక్కి తీసుకున్నాడు. నిజానికి ఆయన అబద్ధమాడలేదు. ఊళ్లో ఎవరిని చూసినా సరైన బరువు చెప్పే ఆ కళ్లు, భార్యను చూస్తే మాత్రం ఎప్పుడూ నలభై ఎనిమిదే చెప్పేవి. ఏటేటా ముద్ర కొట్టించుకోని కాటా ఆ శాఖ చరిత్రలో ఏదైనా మిగిలిపోయిందంటే అది ఇదే.

"చూడండి, లెక్క తప్పితే పలక మునుగుతుంది" అంది షాపావిడ. "గాలి కూడా తోడైతే ఎక్కీ ఎక్కగానే పడేస్తుంది. ఈ వయసులో మొదటిసారే పడ్డవాళ్లు రెండోసారి ఎక్కరు. నేను చాలామందిని చూశాను. వెళ్లి ఆవిణ్నే అడగండి."

"మీరు మా ఆవిణ్ని చూడలేదు" అన్నాడు తూనికలాయన నీరసంగా. లేచి వెళ్లిపోయాడు. గొడుగు అక్కడే మరిచిపోయాడు.

ఇక్కడ మామూలు మనిషైతే భార్యను ఏదో ఒక వంకతో మందుల షాపులో మిషను ఎక్కించేవాడు. తూనికలాయన మామూలు మనిషి కాదు. ఆ మిషన్ల మీద ఆయనకు నమ్మకం లేదు. నమ్మకమైన కాటా ఊళ్లో ఒక్కటే, ఉల్లిపాయల టోకు వ్యాపారి దగ్గరున్న బల్ల కాటా. దానికి స్వయంగా తనే ఎన్నోసార్లు జరిమానా వేసి దారికి తెచ్చాడు. నేరుగా ఆ కొట్టుకే వెళ్లాడు.

ఆయన్ని చూడగానే వ్యాపారి లేచి నిలబడ్డాడు. "రండి సార్, రండి. రిటైరయ్యారని విన్నాం..."

"అయ్యాను. నీ కాటా ఒకసారి మా ఇంటికి తీసుకెళ్లాలి."

వ్యాపారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎందుకు సార్?"

"అది చెప్పేది కాదు. రెండ్రోజుల్లో ఇచ్చేస్తాను. ఈ సంగతి ఎవరితోనూ అనకు."

ఎవరితోనూ అనకు అన్న మాట బజారులో ఎంత వేగంగా తిరుగుతుందో అందరికీ తెలిసిందే. తూనికలాయన్ని పైవాళ్లు మళ్లీ పిలిపించారట, ఈసారి రహస్యంగా వేశారట, కాటాలను ఇంటికి తీసుకెళ్లి పొట్ట కోసి చూస్తున్నాడట. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఒక్కొక్కరే తమ కాటాలను గోనె సంచుల కిందికి తోసేశారు. ఆ సాయంత్రం బజారులో ఏ వస్తువూ కిలోల్లో దొరకలేదు. బంగాళాదుంపలు కుప్పలు పోసి అమ్మారు. మేకులు గుప్పెళ్లతో కొలిచి ఇచ్చారు.

ఈ గొడవలేవీ తెలియని తూనికలాయన రిక్షాలోంచి కాటా దించుకుని, వంటింటికీ పెరడుకూ మధ్య నడవలో నేల మీద పెట్టి, పైన పాత పట్టా పరిచాడు. అంకెలు కనిపించే పెట్టెను తీగతో సహా చెప్పుల అలమర వెనక దాచాడు. తను వార్తాపత్రిక పట్టుకుని అలమర పక్కన కుర్చీ వేసుకున్నాడు. పెరట్లో ఉతికిన బట్టలు ఆరేయడానికి ఆవిడ రోజూ ఆ నడవలోంచే వెళ్లాలి.

"ఈ పట్టా ఏంటి ఇలా ఉబ్బింది?" అంది ఆవిడ బకెట్‌తో వస్తూ.

"నేల చెమ్మెక్కింది. కింద చెక్క వేశాను. ఫర్వాలేదు, తొక్కు."

"గొడుగు ఏదీ?"

"బాగుచేసే షాపులో ఆరబెట్టారు."

"ఎండలోనా?"

ఆవిడ పట్టా మీద నుంచి నడిచి వెళ్లింది. పెట్టెలో అంకె వెలిగింది. తూనికలాయన చూశాడు, కానీ అందులో ఆవిడ ఎంత, తడి బట్టల బకెట్ ఎంత? బకెట్ బరువు తెలిస్తే తీసివేత పెద్ద లెక్క కాదు. ఆవిడ తిరిగి వంటింట్లోకి రాగానే ఆయన గబగబా పెరట్లోకి పరిగెత్తాడు. అప్పటికే బట్టలన్నీ తీగ మీదున్నాయి. ఆయన ఒక్కొక్కటే తీసి మళ్లీ బకెట్లో వేయడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నారండీ?"

దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయనకు. చేతిలో తడి తువ్వాలు పట్టుకుని, "ఏం లేదు. నువ్వు అలిసిపోతావని... ఇకనుంచి బట్టలు నేనే ఆరేస్తాను. నువ్వు బరువులు మోయకు" అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. పెళ్లైనప్పటినుంచి ఆ మనిషి తన జేబురుమాలైనా ఆరేసుకున్న పాపాన పోలేదు.

భోజనాల దగ్గర ఆయన చూపు మాటిమాటికీ ఆవిడ మీదికే పోయింది. తలనుంచి పాదాల దాకా ఒకసారి, పాదాలనుంచి తల దాకా ఒకసారి.

"ఏం చూస్తున్నారు?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఎందుకు చూస్తున్నారు?"

"ఊరికే. ఒకసారి ఆ నడవలోకి వెళ్లిరా. ఖాళీ చేతులతో."

ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పోయిన వారం మోకాలి నొప్పికని రక్తపరీక్ష చేయించుకుంది. డాక్టరు దగ్గరికెళ్లి మాట్లాడొచ్చింది ఈయనే. "అంతా బాగుంది" అన్నాడు అప్పుడు. అంతా బాగుంటే మనిషి నడక ఎందుకు చూస్తాడు? బరువులు మోయొద్దని ఎందుకంటాడు? ఆవిడకు అంతా అర్థమైపోయింది. తనకేదో పెద్ద జబ్బే వచ్చింది, ఈ పిచ్చి మనిషి చెప్పలేక లోలోపల కుమిలిపోతున్నాడు. వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి, "ఒకసారి వచ్చి కనిపించి పోరా" అని మాత్రం అంది. ఆ గొంతు విని అతను మిగతాది ఊహించేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ ఆయన్ని వంటింట్లోకి పిలిచింది. గ్యాసు ఎలా కట్టేయాలో చూపించింది. బీరువా తాళం ఏ డబ్బాలో ఉందో, దుప్పట్లు ఏ అరలో ఉన్నాయో చెప్పింది.

"ఇవన్నీ నాకెందుకు?" అన్నాడు ఆయన.

"నేను లేనప్పుడు మీరు ఇబ్బంది పడకూడదు కదా."

తూనికలాయన చూపు నడవ వైపు పోయింది. పట్టా కింది సంగతి తెలిసిపోయింది, తమ్ముణ్ని పిలిచింది అందుకే, అలిగి వెళ్లిపోతోంది అనుకున్నాడు. "ఎక్కడికి వెళ్తున్నావు?"

"అందరం వెళ్లేవాళ్లమేగా."

"మీ తమ్ముడు కూడానా?"

"వాడు మాత్రం? ఎప్పటికైనా."

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

ఆవిడ ఆయన్ని జాలిగా చూసింది. "మీకు అన్నీ పరాచికాలే" అని కొంగుతో కళ్లొత్తుకుంది. ఇద్దరూ ఆ రాత్రి ఒకరి మీద ఒకరు జాలిపడుతూ నిద్రపోయారు.

మర్నాడు ఉదయమే బావమరిది దిగాడు. లారీ ఆఫీసులో గుమాస్తా, మనిషి భారీ, మనసు మెత్తన. పెళ్లిలో అప్పగింతలప్పుడు పెళ్లికూతురి కన్నా ముందే ఏడ్చేసే రకం. సంచీడు బత్తాయిలతో నడవలోకి వస్తూనే, "అక్కా!" అని ఆవిణ్ని పట్టుకుని భోరుమన్నాడు. ఇద్దరూ పట్టా మీదే నిలబడ్డారు. అలమర వెనక తూనికలాయన అంకె చూశాడు. అక్క, తమ్ముడు, బత్తాయిలు, ఇన్ని తెలియని సంఖ్యలున్న లెక్క ఆయన సర్వీసులో ఎదురుపడలేదు.

"బావగారూ, నాకైనా చెప్పాల్సింది" అన్నాడు బావమరిది ముక్కు చీదుతూ.

"నీకు చెబితే మీ అక్కకు చెప్పేయవూ?"

"అంటే నిజమేనన్న మాట!" అని అతను మళ్లీ అందుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో అలికిడైంది. ఉల్లిపాయల వ్యాపారి ముందు, బజారు సగం వెనక, చేతులు కట్టుకుని బిక్కుబిక్కుమంటూ లోపలికొచ్చారు. ఆవిడ వాళ్లను చూసి చలించిపోయింది.

"ఇంతమందికి తెలిసిపోయిందా?"

"తెలియకుండా ఎలా ఉంటుందమ్మా? నిన్నటినుంచి బజారంతా ఇదే మాట. ఎవరికీ కంటిమీద కునుకు లేదు" అన్నాడు వ్యాపారి.

"మీ అభిమానం" అంది ఆవిడ చేతులు జోడిస్తూ.

"మీరే ఎలాగైనా చూడాలమ్మా. కాస్త టైమిస్తే చాలు, అన్నీ సర్దుకుంటాం."

"టైము నా చేతుల్లో ఉంటే ఇంకేం బాబూ!"

ఆ మాటకు బావమరిది ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాడు. అతన్ని ఓదార్చడానికి వ్యాపారీ, వ్యాపారిని ఓదార్చడానికి వెనకవాళ్లూ ముందుకు జరిగారు. నడవ ఇరుకు. అందరూ కలిసి పట్టా మీదికెక్కారు. పట్టా కింద ఏదో కీచుమని అరిచింది, ఆగకుండా అరుస్తూనే ఉంది. అలమర వెనక ఎర్ర దీపం టపటపా వెలిగింది.

వ్యాపారి ఆ చప్పుడు విన్నాడు. సొంత బిడ్డ ఏడుపు ఎవరికి తెలియదు? వంగి పట్టా లాగేశాడు. "నా కాటా! ఇక్కడెందుకు పెట్టారు సార్?"

అందరూ తూనికలాయన వైపు తిరిగారు. ఆయన వార్తాపత్రిక మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు.

"మా ఆవిడ బరువు తెలుసుకోవడానికి" అన్నాడు చివరికి.

వ్యాపారులు గోడలకేసి చూడడం మొదలుపెట్టారు. ఆవిడ ఒకసారి కాటానీ, ఒకసారి ఆయన్నీ చూసింది. తరవాత, "అంటే నాకు జబ్బేం లేదా?" అంది.

"జబ్బా? నీకెందుకు జబ్బు? డాక్టరు మోకాలికి ఈత మంచిదన్నాడు, అంతే."

"నేను చచ్చిపోవట్లేదా?"

"నువ్వు మీ తమ్ముడింటికి వెళ్లిపోవట్లేదా?"

ఆవిడ మొహంలోకి ప్రాణం తిరిగొచ్చింది. ప్రాణం వెనకాలే కోపమూ వచ్చింది. చీపురు ఎక్కడుందోనని ఒకసారి అటూ ఇటూ చూసింది. నలుగురి ముందూ బాగుండదని, కాటా వైపు వేలు చూపించింది.

"ముందు మీరెక్కండి."

"నాదెందుకు? నాది డెబ్భై. అందరికీ తెలిసిందే."

"ఎక్కండి."

ఆయన ఎక్కాడు. పెట్టెలో ఎనభై తొమ్మిది వెలిగింది. ఆయన దిగి, చెప్పులు విప్పి, జేబులోంచి తాళాలు తీసి పక్కన పెట్టి మళ్లీ ఎక్కాడు. ఎనభై తొమ్మిదే. తూనికలాయన గొంతు సవరించుకుని, పాత ఉద్యోగపు స్వరం తీశాడు.

"ఈ కాటా తప్పు."

ఉల్లిపాయల వ్యాపారి జన్మలో మొదటిసారి తూనికలాయన కళ్లలోకి నేరుగా చూశాడు. "సార్, నా కాటాలో ఇంతకు ముందు తప్పుండేదేమో, ఒప్పుకుంటాను. ఇది మాత్రం మీ దెబ్బలు తిని బాగుపడిన కాటా."

హాల్లో అద్దాల పెట్టెలో, రిటైరైన రోజు శాఖవాళ్లు బహూకరించిన ఐదు కిలోల ఇత్తడి గుండు ఉంది. ప్రభుత్వ ముద్రతో తళతళలాడుతూ ఉంటుంది. రోజూ దాన్ని తుడిచేది ఆవిడే. వెళ్లి రెండు చేతులతో మోసుకొచ్చి కాటా మీద పెట్టింది. పెట్టెలో సరిగ్గా ఐదు వెలిగింది. సున్నా, సున్నా, సున్నా. ఇక చెప్పడానికి ఏముంది? ఆ గుండును కాదంటే ఆయన తన సర్వీసు మొత్తాన్నీ కాదనుకోవాలి. తల వంచుకుని కుర్చీలో కూలబడ్డాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, బజారు బజారంతా నవ్వింది. బావమరిది కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూనే.

వాళ్లు కాటా ఎత్తుకుని వెళ్లిపోయాక ఆవిడ ఆయన ఎదురుగా నిలబడింది.

"ఎందుకు కావాల్సొచ్చింది నా బరువు? నిజం చెప్పండి."

"వచ్చే నెల కొనిపెడతానన్నాను కదా" అన్నాడు ఆయన నేల చూపులు చూస్తూ. "నీ తలుపు."

ఆవిడకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక పక్కనున్న కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఇన్నేళ్లుగా ఆ సంగతి తనొక్కదానికే గుర్తుందనుకుంది. అడిగితే చిన్నబుచ్చుకుంటాడని అడగలేదు. తరవాత తరవాత, అడగడానికి మనసు రాలేదు. ఇప్పుడు ఆ తలుపూ, దుప్పటి కట్టిన బాత్‌రూమూ, చిక్కటి జడా అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చి ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది.

"పిచ్చిమనిషీ, అడిగితే చెప్పనా?" అంది.

"చెబుతావా?"

"మీకు కాదు."

మధ్యాహ్నం ఇద్దరూ కలిసి పడవల షాపుకు వెళ్లారు. షాపావిడ గొడుగు తీసిచ్చింది. తూనికలాయన తన బరువు తనే చెప్పాడు, ఎనభై తొమ్మిది అని, గోడకు చెబుతున్నట్టు. ఆవిడ మాత్రం షాపావిణ్ని పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పింది. షాపావిడ మొహంలో ఏ మార్పూ కనిపించలేదు. లోపలికి వెళ్లి తెల్లటి పలక ఒకటి తెచ్చింది. మొండి ముక్కు, వెడల్పాటి వెనక, నిలబడే చోట గరుకు పరుపు. ఎర్ర పలక పక్కన పెడితే ఇది మోటుగా ఉంది. ఆవిడ దాని మీద అరచేయి వేసి మెల్లగా తట్టింది.

"అచ్చం మన తలుపేనండీ" అంది.

తూనికలాయన పలక చుట్టూ ఒకసారి తిరిగాడు. పలక మీద లీటర్లు రాసి ఉంటాయని ఆయనకు తెలుసు. ఇద్దరి బరువునుబట్టి లీటర్లయితే, లీటర్లనుబట్టి బరువు రాకుండా ఎక్కడికి పోతుంది? తోక దగ్గర ఆ స్టిక్కర్ ఉండాల్సిన చోట వేలితో తడిమాడు. నున్నగా గీకేసి ఉంది.

"ఇక్కడ లీటర్లు ఉండాలే?"

"ఉండేవి" అంది షాపావిడ. "ఆవిడ గీకేయమంది."

ఆదివారం పాత రేవు దగ్గర ఎప్పటిలాగే గాలి. అలలు మోకాలెత్తున, ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. షాపావిడ ఈల పట్టుకుని ఒడ్డున నిలబడింది. ఇద్దరూ పలకెక్కారు, ఆవిడ ముందు మోకాళ్ల మీద, ఆయన వెనక చతికిలబడి. ఒడ్డు కొంచెం దూరమయ్యేసరికి ఆవిడ తెడ్డు ఒళ్లో పెట్టుకుని పలక అంచులు పట్టుకుంది.

"నావల్ల కాదండీ. వెనక్కి పోదాం."

"నీవల్లే అవుతుంది. లే. వెనక నేనున్నాను కదా."

"అదే నా భయం. ఎనభై తొమ్మిది."

అంటూనే నవ్వింది. ఆ నవ్వులో భయం కాస్త తగ్గింది. ఒక పాదం పెట్టింది, రెండో పాదం పెట్టింది. తెడ్డు నీళ్లలో దించి, మెల్లగా, మోకాలు పట్టేస్తుంటే పళ్లు బిగించి, నిలబడింది. పక్కనుంచి గాలి కొట్టింది. పలక ఊగింది. ఆవిడ దానితో పాటే వంగి, దానితో పాటే లేచింది. పడలేదు. ఇన్నేళ్ల తరవాత కూడా ఆ ఒంటికి అది గుర్తుంది. నెరిసిన జుట్టు ముడి ఊడి గాలికి ఎగురుతోంది. వెనక కూర్చున్న తూనికలాయనకు కళ్లు చెమర్చాయి. ఉప్పునీళ్లు పడ్డాయని ఎవరూ అడక్కుండానే చెప్పుకున్నాడు. ఎంత తుడుచుకుని చూసినా ఆయన కళ్లు పాత మాటే చెబుతున్నాయి. నలభై ఎనిమిది.

"ఏం చూస్తున్నారు?" అంది ఆవిడ వెనక్కి తిరక్కుండానే.

"ఏం లేదు" అంటూ ఆయన బాగా కనబడాలని కాస్త పక్కకు వంగాడు. ఆ కాస్త చాలు. దబ్బున నీళ్లలో పడ్డాడు. ఒడ్డునుంచి ఈల మోగింది. ఆయన బరువు దిగగానే పలక తేలికపడి ముందుకు జారింది, వెనకనుంచి చిన్న అల ఒకటొచ్చి దాన్ని ఎత్తుకుంది. ఆవిడ అలాగే నిలబడి, అరుస్తూ, నవ్వుతూ దాని మీద కొంతదూరం సాగిపోయింది.

ఆయన ఈదుకుంటూ వెళ్లి పలక తోక పట్టుకున్నాడు. ఆవిడ కిందికి చూసింది.

"ఎక్కుతారా?"

"వద్దు. నా చోటు ఇదే."

"గట్టిగా పట్టుకోండి. ఈసారి పోతే బాత్‌రూంకి కట్టడానికి ఇంట్లో పాత దుప్పటి కూడా లేదు."

తూనికలాయన గట్టిగా పట్టుకుని, నీళ్లలో కాళ్లు ఆడిస్తూ, పూర్వం తలుపును తోసినట్టే తోశాడు.

ఇప్పుడు ఆయన బరువు బజారులో ఎవరిని అడిగినా చెబుతారు. ఆవిడ బరువు మాత్రం షాపావిడకూ సముద్రానికీ తప్ప మూడో కంటికి తెలియదు.